ఇత్తడి కేరేజీ గిన్నెల మూతి సైజుకు తెస్తుంటే అంచు చీలుతోంది, ఎక్కడ తేడా వస్తోంది?

పెరవలి_పాత్రలు:

నమస్కారమండి. పాత ఇత్తడి సామాను బాగుచేసే షాపు మాది. అజ్జరం, తణుకు, నిడదవోలు వైపు నుంచి సరుకు వస్తుంది. బిందెలూ గుండిగలూ సుత్తీ దిమ్మా పెట్టి సరిచేసేస్తున్నాం. తంటా అంతా పాత ఇత్తడి కేరేజీలతోనే.

పై గిన్నె అడుగునున్న మెట్టు కింది గిన్నె మూతిలో దిగి కూర్చోవాలి కదా. మెట్టు బయటి కొలత 138 మి.మీ. మూతి లోపలి కొలత 138.4 ఉంటే వదులూ కాదు, బిగుతూ కాదు. రేకు మందం 0.8, అంటే మూతి బయట 140 రావాలి. మా దగ్గరికొచ్చేవి కొన్ని కోలగా అయిపోయి, కొన్ని సాగిపోయి ఉంటాయి.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది. గిన్నె తోమి, కలాయి (లోపల తగరం పూత) వేయించి, ఆరాక మూతికి కొబ్బరినూనె రాసి, బోర్లించి, లోపల సరిగ్గా 140 ఉన్న స్టీలు రింగులోకి జాకీ ప్రెస్సుతో 25 మి.మీ. లోతు దింపుతాం. రింగు లేత్ మీద తీయించిందే.

వస్తున్న బాధలు: కొన్ని రింగులో ఉండగానే అంచు దగ్గర నిలువుగా చీలుతున్నాయి. కొన్ని బాగానే వచ్చి, బయటికి తీశాక అర మిల్లీమీటరు దాకా మళ్ళీ సాగుతున్నాయి. అన్నిటికన్నా చిరాకు పెట్టేది మూడో రకం. పని అంతా అయిపోయి బల్ల మీద పెట్టినవి వారం పది రోజులకి వాటంతటవే చీలుతున్నాయి, ఎవరూ ముట్టుకోకుండానే. గ్యాస్ టార్చి పెట్టి ఎర్రగా కాల్చి చూస్తే చీలిక ఆగింది గానీ పైన గరుకు తేలింది, పక్క చెవుల అతుకు ఊడిపోయింది.

ఎంత వేడి పెట్టాలి, నీళ్ళలో ముంచాలా వద్దా, రింగు ఎంత తక్కువగా ఉండాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.


కొలిమిగట్టు:

ముందు ఒక్కటి చెప్పండి బాబూ, గిన్నెలు ఎక్కడ ఆరబెడుతున్నారు, కలాయి ఎక్కడ వేయిస్తున్నారు? మూడో రకం చీలికకి జవాబు అక్కడే ఉంటుందని నా అనుమానం. ఆ సంగతి తర్వాత.

రింగు పట్టుకునే ముందు చుట్టుకొలత తీయండి. ఇది చాలామంది చెయ్యరు. సన్నటి స్టీలు పట్టీ మూతి చుట్టూ తిప్పి, కలిసిన చోట గీత పెట్టి, విప్పి కొలవండి. బయట 140 ఉండాల్సిన మూతికి చుట్టుకొలత సుమారు 440 రావాలి. అంత వచ్చిందంటే రేకు సాగలేదు, ఆకారం మాత్రమే పోయింది. దాన్ని గుండ్రం చెయ్యాలే గానీ నొక్కకూడదు. చెక్క దిమ్మ మీద పెట్టి, చెక్క సుత్తితో పొడుగు వైపు నుంచి తట్టుకుంటూ వస్తే చాలు. చుట్టుకొలత 443 వచ్చిందనుకోండి, వ్యాసం ఒక మిల్లీమీటరు పెరిగినట్టు. అప్పుడే రింగు పని. కోలగా ఉన్నదాన్ని అలాగే రింగులో దింపితే పొడుగు వైపు రెండు చోట్ల మాత్రమే రాపిడి పడి, అక్కడే చీలుతుంది.

ఇక మెత్తబరచడం. ఆ మూతి కొత్తలోనే ఒకసారి అచ్చులో సాగింది, అంచు మడత పడింది, తర్వాత ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నది. ఇత్తడి వంచేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఇంక వంగదు, చీలుతుంది. కాబట్టి సైజుకు తెచ్చే ముందు మూతిని కాల్చాలి. గిన్నె మొత్తం కాదు, పై నుంచి రెండు వేళ్ళ వెడల్పు, అంతే.

మీ చెవుల అతుకు ఊడటానికి కారణం వేడి కిందికి పాకడం. వెడల్పాటి బేసిన్‌లో గిన్నెను మూతి పైకుండేలా నిలబెట్టి, చెవులు మునిగేదాకా బయటా లోపలా నీళ్ళు పోయండి. బయట పోసి లోపల వదిలేస్తే లాభం లేదు, తేలిపోతుంది కూడా. బేసిన్ తిరిగే పీట మీద పెడితే ఇంకా మంచిది, టార్చి కదలదు, గిన్నె తిరుగుతుంది. అలా తిప్పుతూ అంచు కింద ఒక అంగుళం దగ్గర మంట తగలనివ్వండి. అంచు మీదే పెడితే పలచటి అంచు ముందే మాడిపోతుంది.

షెడ్డు తలుపు మూసి, చీకట్లో చెయ్యాలి. ఎండ వెలుతురులో ఎరుపు కనపడేసరికి వేడి మించిపోయి ఉంటుంది. చీకట్లో ముదురు ఎరుపు అలా కనీ కనపడనట్టు రాగానే మంట పక్కకి జరపండి. చింతనిప్పులా వెలిగిందంటే ఎక్కువైనట్టే. మీకు గరుకు తేలింది అందుకే.

ఇంకో రెండు సంగతులు. అంచు మడత లోపల పాత నీరో నూనో ఉండిపోయి ఉంటుంది, ముందు సన్నమంట మీద ఆరబెట్టండి, లేకపోతే ఆవిరికి మడత పేలి విచ్చుకుంటుంది. పోత సామాను మాత్రం ఇలా కాల్చి నొక్కొద్దు. పోత ఇత్తడిలో సీసం కలుస్తుంది, వేడి మీద బిస్కట్టులా విరుగుతుంది. మందంగా ఉండి, ఆకురాయి పెడితే పొడిపొడిగా రాలేది పోత. రేకు సామానుకి పొడి కాదు, మెలికలు తిరిగిన పొట్టు వస్తుంది.


లేత్_పాలకొల్లు:

రింగు గురించి నేను చెబుతాను. సరిగ్గా 140 తీయించడమే మీ రెండో బాధకి కారణం. బయటికి తీశాక లోహం కొంత వెనక్కి వస్తుంది. ఎంత వస్తుందనేది అది ఎంత గట్టిగా ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

లెక్క తేలికే. గట్టిపడిన ఇత్తడి సుమారు 0.4 శాతం దాకా నొక్కినా పూర్తిగా వెనక్కి వచ్చేస్తుంది. 140 మీద అది 0.56 మి.మీ. మీరు చెప్పిన అర మిల్లీమీటరు ఇదే. కాల్చి మెత్తబరచిన దాంట్లో ఇది 0.1 శాతం చుట్టూ, అంటే 0.14 మాత్రమే. కాబట్టి కాల్చిన మూతికి రింగు 139.8 దగ్గర తీయించండి. కాల్చకుండా 139.4 రింగు పెడితే కొలత వస్తుంది గానీ, చీలే అవకాశం అలాగే ఉంటుంది. పైగా ఒక్కో గిన్నె ఒక్కోలా గట్టిపడి ఉంటుంది, ఒకటి 140 వస్తే పక్కది 139.7 వస్తుంది. అన్నిటినీ ఒకే మెత్తదనానికి తేకుండా ఒకే రింగుతో ఒకే కొలత రాదు.

రింగు లోపలి భాగం అడ్డంగా తెగినట్టు ఉంటే పనికిరాదు. దిగే వైపు వాలు ఉండాలి. ఒక్కో పక్క 5 నుంచి 7 డిగ్రీలు, 15 మి.మీ. పొడుగు, ఆ తర్వాత 12 మి.మీ. తిన్నటి భాగం. వాలూ తిన్నటి భాగమూ కలిసే చోట మూల ఉండకూడదు, 3 మి.మీ. వంపు ఇవ్వండి. ఆ మూలే గిన్నె మీద గీతలు గీస్తుంది. పనిముట్టు గీతలు పోయేదాకా 400, 600, 800 ఎమరీ వరుసగా పట్టించి, చివర మెరుగుపెట్టించండి. రింగుకి ఈఎన్8 రకం ఉక్కు చాలు. రోజూ వందల్లో చేసేవాళ్ళయితే ఈఎన్31 తీసుకుని గట్టిపరిపించుకోవచ్చు.

ఒక్కసారికి ఒక శాతం, అంటే 1.4 మి.మీ. కంటే ఎక్కువ తగ్గించొద్దు. 0.8 రేకు అంతకు మించి నొక్కితే చీలదు, ముడతలు పడుతుంది. ముడత పడ్డాక దాన్ని తీయడం చీలికకన్నా కష్టం. 3 మి.మీ. సాగిన మూతి వచ్చిందంటే రెండు మూడు రింగులు కావాలి, మధ్యలో మళ్ళీ కాల్చాలి.

రింగు తర్వాత దిమ్మ. సుత్తి కింద పెట్టేది కాదు, మూతి లోపలికి దింపి సైజు తెచ్చే గుండ్రటి దిమ్మ. ఇది మీరు వాడుతున్నట్టు లేదు. రింగు బయటి కొలతని సరిచేస్తుంది. మీకు కావలసింది లోపలి 138.4. రేకు మందం చుట్టూ ఒకేలా ఉండదు, పాత సామానులో 0.7 నుంచి 0.9 దాకా మారుతుంది. అందుకే దిమ్మ కూడా వాడేట్టయితే రింగు పైన చెప్పిన 139.8 కన్నా ఒక 0.3 తక్కువగా, 139.5 దగ్గర తీయించి, దానితో నొక్కి, ఆ తర్వాత 138.5 దిమ్మని లోపలి నుంచి దింపి చివరి కొలత తేవాలి. అప్పుడు మందంలో తేడా అంతా బయటికి పోతుంది, కూర్చునే చోటు శుద్ధంగా ఉంటుంది. దిమ్మ చివరా వాలు ఉండాలి, దానికీ నూనె పట్టించాలి. పొడిగా దింపితే మూతిని పట్టుకుని లాగేస్తుంది.

నూనె విషయం. కొబ్బరినూనె పలచన, ఒత్తిడికి పొర తెగుతుంది. ఆముదం వాడండి. ఆముదంలో కాస్త బట్టల సబ్బు తురిమి, వేడిచేసి కలిపి ముద్ద చేసుకుంటే ఇంకా బాగా పట్టుకుంటుంది. అలాగని దిట్టంగా పూయొద్దు. రింగుకీ రేకుకీ మధ్య చిక్కిన నూనెకి పోవడానికి దారి ఉండదు, అది రేకుని లోపలికి నొక్కి చొట్ట పెడుతుంది. గుడ్డతో రాసి, ఇంకో గుడ్డతో తుడిచినట్టు మిగిలితే చాలు. గీతలు పడుతున్నాయంటే నూనె కంటే ముందు ఇసుక చూడండి. తోమిన మట్టి రేణువు ఒక్కటి రింగుకి అంటుకుందంటే ఆ రోజు గిన్నెలన్నిటి మీదా అదే గీత.


లోహశాస్త్రం_కాకినాడ:

పైన ఇద్దరూ చెప్పింది సరైనదే. మూడో రకం చీలిక గురించి రాస్తాను.

ఎవరూ ముట్టుకోకుండా ఇత్తడి చీలడానికి మూడు కలవాలి: లోపల మిగిలిపోయిన ఒత్తిడి, తేమ, అమోనియా. మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా మామూలుగా చీలదు. జింకు 15 శాతం లోపు ఉన్న ఇత్తడికి ఈ జబ్బు దాదాపు రాదు, 20 దాటితే వస్తుంది. పాత్రల రేకు సాధారణంగా 63 పాళ్ళు రాగి, 37 జింకు, లేదా 70కి 30. రెండూ ప్రమాదంలోనే ఉంటాయి.

దీని చరిత్ర మన దేశంలోనే ఉంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తుపాకీ తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిసేసరికి ఇత్తడి గొట్టాల మెడలు చీలి ఉండేవి. అందుకే దానికి రుతువు పేరుతోనే ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియానే కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు తేల్చారు. తూటా మెడ కూడా అచ్చులో సాగదీసి, నొక్కి సైజుకు తెచ్చిందే. మీ గిన్నె మూతిలో మిగిలిన ఒత్తిడి లాంటిదే అందులోనూ ఉంటుంది. తూటా గొట్టాల తయారీలో మెడ భాగాన్ని మాత్రం వేడిచేసి మెత్తబరుస్తారు, అడుగు భాగాన్ని గట్టిగానే ఉంచుతారు, ఎందుకంటే పేలుడు ఒత్తిడిని అదే ఆపాలి. అడుగు కాలకుండా నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టడం వాళ్ళ పాత పద్ధతి. కొలిమిగట్టు గారు చెప్పిన బేసిన్ అదే. వాళ్ళ వరుసా పాలకొల్లు వారు చెప్పిన వరుసే: బయటి నుంచి కాస్త ఎక్కువ నొక్కడం, తర్వాత లోపలి దిమ్మతో చివరి కొలత. అయితే వాడేసిన తూటాలు ఇంట్లో మళ్ళీ నింపుకోవడం వేరే దేశాల్లో అలవాటేమో గానీ, ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పాత సామానుతో పాటు తుక్కులో అలాంటి గొట్టాలు వస్తే నొక్కడం, కాల్చడం లాంటివి చెయ్యొద్దు. అడుగున పేలని మందు మిగిలి ఉండొచ్చు. పోలీసులకు అప్పగించండి.

మన డెల్టాలో అమోనియాకి కొదవేమీ లేదు. పశువుల కొట్టం, కోళ్ళఫారం ఎరువు, తడిసిన యూరియా బస్తా, రొయ్యల చెరువు గట్టున నిలవపెట్టిన మేత. గాలిలో తేమ ఎలాగూ ఉంది. ఇవేవీ పాత్రకి తగలనక్కర్లేదు, అదే గదిలో ఉంటే చాలు.

చీలిక ఏ రకమో గుర్తుపట్టడం సులువు. రింగులో చీలినది మెరుస్తూ ఉంటుంది, అంచు దగ్గర రేకు కాస్త సన్నబడి ఉంటుంది. అమోనియా చీలిక లోపల నల్లగా ఉంటుంది, రేకు మందం తగ్గదు, కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది, పగులు గాజు పగిలినట్టు నిటారుగా కనిపిస్తుంది.

వేడి లెక్కలు. చుట్టూ ఒకేలా పట్టేలా చేసే ఫర్నేసులో అయితే ఇత్తడిని మెత్తబరచడానికి 450 నుంచి 600 డిగ్రీలు, అరగంట దాకా. టార్చి కింద కొన్ని సెకన్లే కాబట్టి 550 నుంచి 600 దాకా వెళ్ళాలి, చీకట్లో కనపడే తొలి ఎరుపు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. 700 దాటితే లోపలి రేణువులు పెద్దవైపోతాయి. 0.8 మి.మీ. రేకులో రేణువు 0.1 అయితే మందంలో ఎనిమిదే పడతాయి. నొక్కగానే ఒక్కో రేణువు ఒక్కో దిక్కుకి లేచి పైన నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. మెరుగుపెట్టి దాన్ని పోగొట్టవచ్చు గానీ రేకు పలచనవుతుంది, బలం రాదు. 907 డిగ్రీలకి జింకు మరుగుతుంది. తెల్లపొగ, నీలం-ఆకుపచ్చ మంట కనపడ్డాయంటే జింకు కాలిపోతోంది, ఆపేసి తలుపులు తెరవండి. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది.

ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో కొలవాలని చూడకండి. మెరిసే ఇత్తడి మీద అది చాలా తక్కువ చూపిస్తుంది. వెల్డింగు సామాను కొట్టుల్లో దొరికే, ఫలానా వేడికి కరిగే క్రేయాన్లు నమ్మదగినవి. మూతి కింద అంగుళం దగ్గర, లోపలి వైపు గీయండి, మంట నేరుగా ఆ గీత మీద పడకూడదు.

చివరి మెట్టు ఎవరూ చెప్పలేదు. సైజుకు తెచ్చాక మిగిలిన ఒత్తిడిని తీయాలి. 250 డిగ్రీల దగ్గర ఒక గంట. ఈ వేడికి లోహం మెత్తబడదు, కొలత దాదాపు మారదు, ఒత్తిడి మాత్రం పోతుంది. బేకరీ ఓవెన్ సరిపోతుంది. మంట మీద పెట్టి ఈ పని చెయ్యలేరు, చుట్టూ ఒకేలా ఉండదు. సీసం టంకంతో చెవులు అతికిన గిన్నెలకి ఇది కుదరదు, ఆ టంకం 183 నుంచే కరగడం మొదలుపెడుతుంది.


పెరవలి_పాత్రలు:

కొలిమిగట్టు గారూ, మీరు అడిగినదానికి జవాబు: షెడ్డు వెనకే పశువుల కొట్టం ఉంది, మధ్యలో తడికే. కలాయి ఆ షెడ్డులోనే, సైజుకు తేకముందే వేస్తారు. వారం తర్వాత చీలినవాటి లోపల నల్లగానే ఉందండి.

ఇంకో రెండు సందేహాలు. కలాయి ఉండగా మూతి కాల్చొచ్చా? ఇప్పటికే చీలిన గిన్నెల్ని ఏం చెయ్యాలి? వాటి యజమానులు ఇంటి పాత సామాను కదా, పారెయ్యొద్దు అంటున్నారు.


కొలిమిగట్టు:

ఆయ్, నేననుకున్నదే. కొట్టం ఒక్కటే కాదు, కలాయి కూడా ఉంది ఇందులో. కలాయికి వేసే నవాసాగరం ఏంటనుకుంటున్నారు? అమ్మోనియం క్లోరైడే. వేడి పాత్ర మీద చల్లగానే లేచే ఆ ఘాటు వాసనలో అమోనియా ఉంటుంది. అంచు మడతలో మిగిలిపోయిన నవాసాగరం తేమ పీల్చుకుని అక్కడే తిష్ఠ వేస్తుంది. మీరు ముందు నవాసాగరం పట్టించి, ఆ తర్వాత రింగులో నొక్కి ఒత్తిడి పెట్టి, కొట్టం పక్కన ఆరబెడుతున్నారు. చీలడానికి కావలసినవన్నీ వరసగా ఇచ్చేస్తున్నారన్నమాట.

వరుస తిప్పండి. తోమడం, పాత కలాయి తీయడం, మూతి కాల్చడం, పులుపులో వేసి మసి తీయడం, గుండ్రం చేయడం, రింగు, దిమ్మ, నూనె కడగడం, ఓవెన్, ఆ తర్వాత కలాయి. కలాయి అయ్యాక వేడినీళ్ళలో వంటసోడా వేసి మడతలోకి పోయేలా కడిగి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో బోర్లించండి. కలాయి వేడి కూడా ఒత్తిడిని కొంత తీస్తుంది గానీ అది నిమిషాల పని, ఓవెన్‌కి బదులు కాదు.

పాత కలాయి ఉండగా ఎర్రగా కాల్చకూడదు. తగరం 232కే కరుగుతుంది. అక్కడి నుంచి ఎరుపు దాకా వెళ్ళిందంటే ఇత్తడిలో కలిసిపోయి బూడిదరంగు మచ్చలు పడతాయి, అక్కడ రేకు పెళుసుబారుతుంది. ముందు సన్నమంట మీద తగరం కరగగానే దూదితో తుడిచేయండి. పాత కలాయిలో సీసం కలిపినవాళ్ళూ ఉన్నారు, కాబట్టి తుడిచిన దూది పొయ్యిలో వెయ్యొద్దు, గాలి ఆడే చోట చెయ్యండి, చేతులు కడుక్కోకుండా తినొద్దు. కొత్త కలాయికి శుద్ధ తగరమే వాడించండి, అన్నం పెట్టుకునే గిన్నెలు మరి.

కాల్చాక నీళ్ళలో ముంచాలా అని అడిగారు. ముంచండి. ఉక్కులా గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది. పైగా మసి కొంత రాలిపోతుంది.


లేత్_పాలకొల్లు:

ముంచడం దగ్గర నేను ఒప్పుకోను అండి. మెత్తదనానికి తేడా రాదు, నిజమే. కానీ 0.8 రేకు మూతిని ఎర్రగా ఉండగా పట్టుకారుతో పట్టి ముంచితే పట్టుకారు నొక్కిన చోట కోల పడుతుంది, ముందు మునిగిన పక్క ముందు ముడుచుకుంటుంది. గుండ్రం చేసిన పని మళ్ళీ మొదటికొస్తుంది. బేసిన్‌లో నీళ్ళు ఎలాగూ ఉన్నాయి, రెండు మూడు నిమిషాలు అలా వదిలేస్తే అదే చల్లబడుతుంది. తొందరేముంది? బిందె అడుగులాంటి మందం ముక్కకైతే ముంచుకోండి.


కొలిమిగట్టు:

కేరేజీ గిన్నెకి ఆ మాట సరే. నేను మందం సామాను లెక్కలో అన్నాను. ముంచేట్టయితే తిన్నగా, మూతి సమంగా నీళ్ళను తాకేలా దింపాలి. అది చేతకాకపోతే పాలకొల్లు వారి మాటే వినండి.


లోహశాస్త్రం_కాకినాడ:

మసి తీయడం గురించి ఒక మాట, ఇక్కడ చాలామంది పాత్రని ఎర్రమచ్చలు చేసుకుంటారు. బ్యాటరీ ఆసిడ్ ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు. నీళ్ళలో ఆసిడ్ పోయాలి గానీ ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. గోరువెచ్చగా ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో నలుపు పోతుంది. ఆ తొట్టెలో ఇనుప పట్టుకారు, ఇనుప తీగ ముంచొద్దు. ఇనుము పడితే ద్రావణంలోని రాగి పాత్ర మీద అంటుకుని గులాబీ రంగు తేలుతుంది. ప్లాస్టిక్కో కర్రో వాడండి. ఆసిడ్ ఇష్టం లేకపోతే చింతపండు, ఉప్పు ముద్ద పట్టించి ఒక అరగంట ఉంచినా చాలు, రాత్రంతా ఉంచితే జింకు కరిగి అదే ఎరుపు వస్తుంది. ఏది వాడినా వంటసోడా నీళ్ళలో ముంచి తీయాలి.

మెరుగు పాలిష్ డబ్బా కొనేటప్పుడు వాసన చూడండి. కొన్నిట్లో అమోనియా ఉంటుంది. ఓవెన్‌లో పెట్టకుండా మిగిలిపోయిన పాత్రలకి అవి వద్దు.

మీ పద్ధతి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పారేసే గిన్నె మూతి ఒకటి మీ వరుసలోనే పూర్తిగా చేసి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పక్కన చిన్న గాజు గిన్నెలో అమోనియా ద్రావణం ఉంచి, ఒక రాత్రి వదిలేయండి. ద్రావణం ముక్కకి తగలకూడదు, ఆవిరి తగిలితే చాలు. పొద్దున్న కడిగి భూతద్దంతో అంచు చూడండి. పగులు లేదంటే ఒత్తిడి తీసే మెట్టు పనిచేసినట్టు. పక్కనే ఓవెన్‌లో పెట్టని ముక్క కూడా ఒకటి ఉంచండి, తేడా మీకే కనపడుతుంది. ఆరుబయట చెయ్యండి, డబ్బా తెరిచేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి. ఆ ముక్కలు తుక్కులోకే, మళ్ళీ వాడకానికి కాదు.


కొలిమిగట్టు:

చీలిన గిన్నెల సంగతి. అంచు నుంచి 3 మి.మీ. లోపు ఆగిన చీలిక అయితే అతుకు పెట్టకండి, ఆ మేరకు అంచు కోసేసి, ఆకురాయితో నునుపు చేసి వదిలేయండి. మడత ఉన్న అంచుకి ఇది కుదరదు.

అంతకన్నా పొడుగుంటే చీలిక చివర దొరకబుచ్చుకోవాలి. కంటికి కనపడే చివర నిజం చివర కాదు. కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లితే చీలిక పొడుగునా తడి గీత తేలుతుంది. ఆ గీత ఆగిన చోటికి రెండు మిల్లీమీటర్లు అవతల 1.5 మి.మీ. రంధ్రం వేయండి, పాకడం ఆగుతుంది. తర్వాత మూతి మొత్తం కాల్చి ఒత్తిడి తీశాకే వెండి టంకం పెట్టాలి. ఇది మరిచిపోతే అతుకుతుండగానే వేడికి పక్కన ఇంకో చీలిక లేస్తుంది. వెలిగారం పూత పెట్టి, లోపలి వైపు నుంచి టంకం పారించి, బయట రాపిడి చేస్తే గీత తప్ప ఏమీ కనపడదు. కాడ్మియం ఉన్న టంకం తిండి గిన్నెకి వద్దు, కొనేటప్పుడే అడిగి తీసుకోండి. నల్లబడి కొమ్మలు కొమ్మలుగా పాకిన అంచుకి అతుకు నిలవదు. ఆ పట్టీ అంతా కోసి కొత్త రేకు పట్టీ అతకడమో, ఆ గిన్నెని పూజ గదికి ఇచ్చెయ్యమనడమో చెయ్యాలి.


లేత్_పాలకొల్లు:

అంచు కోసేటప్పుడు నాలుగు గిన్నెలకీ ఒకే కొలత కొయ్యండి. ఒక్కో దానికి 3 మి.మీ. కోస్తే నాలుగు గిన్నెల మీద 12 తగ్గుతుంది, అప్పుడు పైనున్న గొళ్ళెం పట్టదు. కమ్మీ (చెవుల్లోంచి దూరి గిన్నెల్ని కలిపి పట్టే కడ్డీ) కొయ్యనక్కర్లేదు, గొళ్ళెం రివెట్టు తీసి 12 మి.మీ. కిందికి కొత్త రంధ్రం వేసి బిగించండి.